మా బావ తూచిన బ్యాటరీ

మా బావ భాస్కరరావు దేన్నయినా ముందు అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేస్తాడు. ఆ తర్వాతే దాని మంచిచెడ్డలు చెబుతాడు. మా అక్క నాగమణిని చూసుకోవడానికి వచ్చిన రోజున కూడా అంతే. పిల్ల వంక సరిగ్గా చూశాడో లేదో గానీ, మంచినీళ్ళిచ్చిన కంచు గ్లాసు ఖాళీ చేసి, దాన్ని అరచేతిలో ఎగరేసి, "మంచి బరువున్నాది" అన్నాడు. మా నాన్న అదేదో తన కూతురికి దక్కిన మెప్పు అనుకుని మురిసిపోయాడు. నేనప్పటికి పావడా కట్టుకునే పిల్లనే అయినా, ఈ మనిషితో మా అక్కకి వేగడం కష్టమని అప్పుడే అనిపించింది. అనిపించినట్టే అయింది.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. జీడి పిక్కల దగ్గర ఆయన చెయ్యికి తిరుగు లేదు. వజ్రపుకొత్తూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో కొబ్బరితోటలూ, జీడితోటలూ సగం ఆ ఇంటివాళ్ళవే. పలాస నుంచి పిక్కలు కొనడానికి వచ్చేవాళ్ళు కూడా బస్తా విప్పి ముందు మా బావనే పిలుస్తారు. ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, ఎగరేసి, "ఇది నిండు, ఇది తాలు" అని తేల్చేస్తాడు. లావుగా, బరువుగా ఉన్న పిక్కలో పప్పు ఉంటుంది. పల్చగా, తేలిగ్గా ఉన్నది తాలు, పగలగొడితే లోపల ఎండు తొక్క తప్ప ఏమీ ఉండదు. ఆయన చెప్పాక ఎవరూ కోసి చూసుకోరు.

పిక్కలతో ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు. ఆ తెలివి తలకెక్కింది. లోకంలో ఉన్నదంతా ఒక జీడితోట అనీ, తాను దానికి కాపుదారుననీ నిర్ణయించుకున్నాడు. ఒకసారి బోరుకి పాత మోటారు కొనడానికి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైనది ఏరి తెచ్చాడు. విప్పి చూస్తే దాని నిండా ఇసుక. కూతురు బిందుమాధవి పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు చెప్పిన బరువు తప్పని, కాటా పాడైందని, పురిటిగది గుమ్మంలో నిలబడి పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఆ కాటా మీద తనే ఎక్కి చూపించబోతే మా అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఇన్ని జరిగినా ఆయనకి సిగ్గు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు ఎదురు చెబితే కదా! పెద్ద ఇల్లు, పెద్ద గొంతు. ఆయన ఏమన్నా చుట్టూ ఉన్నవాళ్ళకి ఒకటే పాట, "అవును మావా." మోటారులో ఇసుక బయటపడ్డ రోజున కూడా, "ఇసకుంటే ఉన్నాది గానీ, మోటారు గట్టిది మావా" అన్నారు. ఆ అన్నవాళ్ళని చూస్తే నాకు మా బావ మీదకన్నా ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

ఇక నెట్ డబ్బా సంగతి. కరోనా రోజుల్లో బిందు చదువు నెట్‌లోకి వచ్చినప్పుడు కొన్నాడు దాన్ని. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా. లోపల ఒక సిమ్, వెనకవైపు ఒక బ్యాటరీ. బొత్తాం నొక్కితే చిన్న దీపం వెలిగి, చుట్టూ ఉన్న ఫోన్లకి నెట్ ఇస్తుంది. ఆ కొబ్బరితోటల మధ్య ఇళ్ళలో ఏ ఫోనూ పలకదు. ఆ డబ్బాలో ఉన్న కంపెనీ సిగ్నల్ ఒక్కటే అందుతుంది, అదీ మా బావ డాబా మీద తూర్పు పిట్టగోడ పక్కన పెడితేనే. ఆ సిమ్ తీసి ఫోన్‌లో వేద్దామంటే అందులో పనిచేయదు.

కూతురి చదువుకని కొన్న డబ్బా ఆరు నెలల్లో ఊరి సొత్తయిపోయింది. పొద్దెక్కేసరికి వరండా నిండా జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లే. కొందరు పొలం కాగితాలు చూసుకుంటారు, చాలామంది నవ్వుల వీడియోలు చూసుకుంటారు. మధ్యలో మా బావ వాలుకుర్చీ. డబ్బా ఒకసారికి పదిమందికే నెట్ ఇస్తుంది కాబట్టి ఆ పదిమంది ఎవరన్నది ఆయన ఇష్టం. పాస్‌వర్డ్ వాళ్ళ నాన్న పేరు. నెట్ కావాలంటే ఊరంతా ఆ పెద్దాయన పేరు తలవాల్సిందేనని ఆయన సంబరం. "నెట్ భాస్కరరావు" అని ఎవరో అంటే వారం రోజులు నేల మీద నడవలేదు. వాళ్ళంతా ఎక్కేసరికి బిందు పాఠం మాత్రం ఆగి ఆగి వచ్చేది. "నాన్నా, నా క్లాసు" అంటే, "ఒక్క గడియ ఆగమ్మా, ఆళ్ళు పాపం ఎండలో వొచ్చినారు" అనేవాడు. పంపకం చేస్తున్నవాడి మొహంలో ఎంత దయ!

మొన్న ఎండాకాలం ఆ డబ్బా పొట్ట పెంచింది.

పెంచదా మరి? మార్చి నుంచీ ఆ డాబా మీదే జీడి పిక్కలు ఎండబెడతారు. వాటి మధ్యనే ఈ డబ్బా, దానికో ఛార్జరు తీగ, పగలల్లా నెత్తిన ఎండ. లోపలి బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచిపోయింది. ఆ రోజు నేను అక్కని చూడటానికి టెక్కలి నుంచి వెళ్ళాను. మా బావ డబ్బాని అరచేతిలో ఎగరేస్తూ ఎదురొచ్చాడు.

"సూడు కామాక్షీ, ఎండకి ఎలగ నిండిపోనాదో! కొన్నప్పుడు అట్టముక్కలాగ ఉండీది. ఇప్పుడు మంచి పిక్కలాగున్నాది."

"అది నిండడం కాదు నాన్నా, ఉబ్బడం," అంది బిందు వెనకనుంచి. "లోపల గ్యాస్ పట్టింది. అలాగే ఛార్జింగ్ పెడితే పేలిపోతాది. బ్యాటరీ మార్చాలి."

ఆ పిల్ల ఆ మాట అంత గట్టిగా అనడానికి కారణం ఉంది. విశాఖపట్నంలో ఒక కంపెనీ, ఆసుపత్రి బిల్లుల పని చేసేది, రాతపరీక్షలో ఆమెని ఎంచుకుంది. మొదటి ఇంటర్వ్యూ కూడా దాటింది. ఇక చివరిది, ఆ వచ్చే శుక్రవారం పొద్దున్న, వీడియోలో. మధ్యలో తెగిపోతే మళ్ళీ పిలిచేది లేదని ముందే చెప్పేశారు. అంతకుముందు ఇంకో కంపెనీ ఉద్యోగం సరిగ్గా అలాగే పోయింది. ఆవేళ వరండాలో పదిమందీ ఏదో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు. ఆ తర్వాత బిందు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మా బావ మాత్రం "ఆ కంపెనీయే తాలు" అని తేల్చి వాలుకుర్చీలో కూలబడ్డాడు.

అందుకే నేను చెప్పాను. "బావా, పిల్లని గురువారం నాతో టెక్కలి పంపించు. మా ఇంట్లో తీగ నెట్టు ఉన్నాది. తలుపేసుకుని కూర్చుంటాది."

ఆయన మొహం మాడిపోయింది. "ఊరంతటికీ నాను నెట్ ఇత్తన్నాను. నా కూతురు నెట్ కోసం ఊరోళ్ళింటికి ఎల్లాలేటి?"

"ఊరోళ్ళేటి? నేను దాని పిన్నిని."

"నువ్వు టెక్కలోళ్ళ కోడలివి," అన్నాడు.

పక్కకి తీసుకెళ్ళి బిందుతోనే అన్నాను, నాతో వచ్చెయ్యమని. "నాన్న ఇప్పటికే ఊళ్ళో అందరికీ చెప్పేశాడు పిన్నీ, మా ఇంట్లోనే, మా నెట్‌లోనే ఇంటర్వ్యూ అని. నేను వెళ్ళిపోతే తల ఎత్తుకోలేడు. బ్యాటరీ ఒక్కటి మార్చిస్తే చాలు," అంది. తండ్రి తల ఎలా ఉంటుందోనని ఆ పిల్లకి ఉన్న బెంగలో పావు వంతు ఆ తలలో ఉంటే ఎంత బాగుండేదో.

బిందు పోరు పడలేక బావ ఒప్పుకుంటే, మర్నాడే ఇద్దరం కాశీబుగ్గ బజారుకి బయల్దేరాం. నేను కాపలాకి. సెల్‌ఫోన్ల దుకాణం ఢిల్లీబాబుది. ఈ ఢిల్లీబాబు పెద్ద ఉత్తముడేం కాదు. నోట్లో గుట్కా, చేతిలో ఫోను, ఎదురుగా నిలబడ్డ మనిషిని పావుగంటకి గానీ చూడడు. మా డబ్బా చూడగానే మాత్రం వెనక్కి జరిగాడు. పొట్ట పెంచిన బ్యాటరీని ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా ఊడదీసి, బయట ఇసుక ఉన్న రేకు డబ్బాలో పడేశాడు. వెతికి, దానికి సరిపడే కొత్తది తీసి బల్ల మీద పెట్టాడు. పల్చటిది, బిస్కెట్ అంత.

మా బావ దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. రెండుసార్లు ఎగరేశాడు. పెదవి విరిచాడు.

"ఇది తాలురా."

"ఏటి బావూ?"

"తాలు. లోపల ఏటీ నేదు. నువ్వు పారేసిందాన్ని సూడు, ఎంత నిండుగున్నాదో. మోసం సెయ్యకు, పిక్క తెలిసినోడితోని."

ఢిల్లీబాబు నావైపు చూశాడు, ఈ మనిషి నిజంగానే అంటున్నాడా అన్నట్టు. "బావూ, అది ఉబ్బిపోనాది. కొత్తదెప్పుడూ ఇలగే పల్చగుంటాది. ఈ డబ్బాకి ఇదే," అన్నాడు.

"నాకు సెప్తావేటి? నీ వొయసంత కాలం నించి బస్తాలు తూత్తన్నాను. లావుదియ్యి."

"బావా, ఆయన చేసే పని అదే కదా, ఆయన మాట విను," అని నేనన్నాను. పోనీ ఆ పల్చటిది నేనే కొని సంచిలో వేసుకుందామని చెయ్యి చాచాను. "అది నా గుమ్మం తొక్కితే నానింట్లో అన్నం ముట్టను," అన్నాడు బజారంతా వినేలా. జనం ఆగి చూడసాగారు. అందులో ఆయన ఊరివాళ్ళు కూడా ఇద్దరున్నారు. ఆ ఇద్దరి ముందు తగ్గుతాడా!

ఢిల్లీబాబుకి విసుగొచ్చింది. వేరే రకం డబ్బాలో వేసే మందపాటి బ్యాటరీ ఒకటి తీసి బల్ల మీదకి విసిరాడు. "ఇదో, లావుది. మూత పట్టదు. కాంటాక్టు సరిగ్గా కుదరదు. ఛార్జరు తీగున్నా సరే, కదిపితే ఆగిపోతాది. తర్వాత నన్నడగొద్దు." గుట్కా ఉమ్మేసి వచ్చాడు. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ అంతే. మంచి మాట ఒక్కసారి చెప్పి, వినకపోతే చెడ్డ సరుకు అమ్మేస్తారు.

మా బావ దాన్ని ఎగరేశాడు. మొహం విప్పారింది. "అద్గదీ. ఇదీ పిక్కంటే!"

ఇంటికొచ్చి తన చేత్తోనే అమర్చాడు. బ్యాటరీ పక్కన అగ్గిపెట్టె అట్టముక్క మడిచి కూరాడు. మూత మూసుకోకపోతే దాన్ని పక్కన పారేసి రబ్బరుబ్యాండ్లు చుట్టాడు. బొత్తాం నొక్కాడు. దీపం వెలిగింది. వెలగకపోయినా బాగుండేది. వరండాలో చప్పట్లు. "అవును మావా, లావుదే గట్టిది." బిందు ఆ రబ్బరుబ్యాండ్ల వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా డబ్బా బాగానే పనిచేసింది. నేనూ శుక్రవారం దాకా అక్కడే ఉండిపోయాను.

శుక్రవారం పొద్దున్న మా అక్క ఆ పిల్లకి నెత్తిన నూనె రాసి జడ వేసింది. లేతాకుపచ్చ చుడీదార్ ఇస్త్రీ చేసిచ్చింది. మేడమెట్ల గదిలో బల్ల వేసి ల్యాప్‌టాప్ పెట్టుకుంది బిందు. ఆ గదిలోంచి చూస్తే ఎదురుగా డాబా, పిట్టగోడ పక్కన పిక్కల మధ్య డబ్బా కనిపిస్తాయి. ఆ ఒక్క పూటకి ఎవరూ నెట్ వాడొద్దని తండ్రిని అడిగింది. ఒప్పుకున్నాడు. తనే డబ్బాకి కాపలా ఉంటానన్నాడు.

"నాన్నా, దాన్ని ముట్టుకోకు. అంతే చాలు," అంది.

"నాకు తెల్దేటమ్మా," అన్నాడు.

మొదలైంది. మొదట భయపడ్డట్టు మాట్లాడినా, కాసేపటికి ఆ పిల్ల గొంతు కుదుటపడింది. అవతలివాళ్ళు ఇద్దరు, ఒక మగ మనిషి, ఒక ఆడమనిషి. ఏదో అడుగుతున్నారు, ఈ పిల్ల చెబుతోంది. ఒకసారి ఆ ఆడమనిషి నవ్వింది కూడా. గుమ్మం పక్కన నిలబడ్డ మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుదిరిపోయింది అనుకున్నాం ఇద్దరమూ.

మా బావ డాబా మీద తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. కాకులని తోలాడు. తర్వాత పిక్కలని చూశాడు. ఎండ ఒకవైపే తగులుతోందని, అలవాటు కొద్దీ లేచి అరికాలితో పిక్కలని తిరగేసుకుంటూ వచ్చాడు. రెండువైపులా ఎండాలి కదా పిక్క! అలా తిరగేస్తూ తిరగేస్తూ డబ్బా దగ్గరికొచ్చాడు. వంగాడు. నేను కిటికీలోంచి "బావా!" అని అరిచేలోగా, ఎంతో జాగ్రత్తగా, రెండు వేళ్ళతో దాన్నీ బోర్లా తిప్పాడు.

ల్యాప్‌టాప్‌లో ఆ ఆడమనిషి మొహం సగం నోరు తెరిచి ఆగిపోయింది. తర్వాత అదీ పోయింది.

బిందు పరిగెత్తింది. అట్టముక్క జారిపోయి ఉంది. మళ్ళీ కూరింది, రబ్బరు చుట్టింది, బొత్తాం నొక్కింది. దీపం వెలగడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. వెలిగాక చూస్తే వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ లోపలికి రానివ్వమని రాసింది. కాసేపటికి ఒక సందేశం వచ్చింది. మీ సమయానికి ధన్యవాదాలు అని, తర్వాతి వాళ్ళని పిలిచామని. మా అక్క మెట్ల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికే కింద వరండాలో జనం చేరారు. మా బావ ఎప్పుడు దిగాడో దిగాడు, వాలుకుర్చీలో కూర్చుని చెబుతున్నాడు. "కంపెనోళ్ళ నెట్టు పోనాది. పట్నపోళ్ళ నెట్లు ఇంతే. మా డబ్బా సూడండి, దీపం ఎలుగుతూనే ఉన్నాది."

"అవును మావా, తప్పు ఆళ్ళదే," అన్నారు.

నాలుగు దులపాలని మెట్లు దిగుతుంటే, నన్ను దాటుకుని బిందు కిందికి వెళ్ళింది. ఏడవలేదు. చేతిలో డబ్బా. నేరుగా వాలుకుర్చీ దగ్గరికి వెళ్ళి, దాన్ని తండ్రి అరచేతిలో పెట్టింది.

"బరువు సూడు నాన్నా," అంది.

అంతే అంది. ఆయన సూత్తాడని, అదే, చూస్తాడని నేననుకోలేదు. కానీ ఆ చెయ్యికి వేరే విద్య తెలియదు. దానంతట అదే లేచింది. డబ్బా రెండుసార్లు ఎగిరి అరచేతిలో పడింది. నోరు కూడా దానంతట అదే తెరుచుకుంది.

"మంచి బరువే," అన్నాడు.

అన్నాక కూతురి మొహం చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు, ఎవరన్నా అవును మావా అంటారేమోనని. ఎవరూ అనలేదు. ఒకడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంకొకడు చెప్పులు వెతుక్కున్నాడు. అన్నేళ్ళు అవునవునని ఊదిపెట్టినవాళ్ళు, అవసరమైనప్పుడు ఒక్క మాటైనా సాయం ఇవ్వకుండా మెల్లగా జారుకున్నారు.

బిందు లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుంది. మా అక్క ఆపలేదు. నా బండి వెనక కూర్చుని టెక్కలి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఫోన్ మోగింది. మా బావే. ఆ ఇంట్లో ఫోన్ పలకదు కాబట్టి రోడ్డు మీదకి నడిచొచ్చి చేసినట్టున్నాడు, వెనక లారీల చప్పుడు వినిపిస్తోంది.

"కామాక్షీ, మీ ఇంట్లో నెట్టుకి బ్యాటరీ ఎంత లావుంటాది?"

"మాది బ్యాటరీ కాదు బావా. గోడలోంచి వచ్చే తీగ."

"తీగా," అన్నాడు. ఆ మాటలోని వెటకారం చూసి, ఈ మనిషికి బుద్ధి రాదనుకుని పెట్టేయబోయాను. అప్పుడడిగాడు.

"మా అమ్మి ఏటన్నా అన్నాదా?"

ఎదురుగా బిందు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంకో కంపెనీకి ఏదో నింపుతోంది. ఫోన్ ఎవరిదో తెలిసినా తల ఎత్తలేదు.

"ఏమీ అనలేదు," అన్నాను.

"తిట్టుంటాదిలే. సెప్పు, పర్లేదు. ఏటన్నాదో సెప్పు."

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. నిన్ను బండబూతులు తిట్టింది బావా అని చెబితే ఆయన హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు. అంత సుఖం ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

"లేదు బావా. నీ మాటే ఎత్తలేదు," అన్నాను.

అవతల లారీలు వెళ్తూనే ఉన్నాయి. ఆయన ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.